గోదావరి డెల్టాకి మెన్నోనైట్లు ఎప్పుడు వచ్చారు? మా తాతగారిది ఏ మిషనో ఎలా తెలుసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీది పాలకొల్లు దగ్గర పల్లె. తాతగారు "మనది బ్రదరెన్ మిషను" అనేవారు. తర్వాతి తరంలో ఎవరో కుటుంబ చరిత్ర రాస్తూ దాన్ని "మెన్నోనైట్ బ్రదరెన్" చేశారు. నెట్‌లో మెన్నోనైట్ల (యూరప్‌లో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ) గురించి వెతికితే మహబూబ్‌నగర్, నల్గొండ, రష్యా, కాన్సాస్ కనిపిస్తున్నాయి గానీ గోదావరి కనిపించడం లేదు. అసలు వాళ్ళు మన డెల్టాకి ఎప్పుడు వచ్చారు, మీవాళ్ళ రికార్డులు ఎక్కడ దొరుకుతాయి? చివర్లో, పెద్దగా పట్టించుకోనట్టు, మీ నాయనమ్మ పుట్టిల్లు దేవరకొండ అని కూడా రాశారు. మీ ప్రశ్న మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన ముక్క అదే.

సూటిగా చెప్పాలంటే: గోదావరి డెల్టా మెన్నోనైట్ల మిషను క్షేత్రం కాదు. మీ తాతగారి బ్రదరెన్ వేరు, మెన్నోనైట్ బ్రదరెన్ వేరు. తాతగారి వైపు మూలాలు వెతకాల్సింది ఇంగ్లండులో. నాయనమ్మ వైపు మాత్రం మెన్నోనైట్ సంబంధం నిజంగానే ఉండొచ్చు, గట్టిగానే. మీ ఇంట్లో రెండు వైపుల కథలూ కలిసిపోయి ఒకటైపోయాయని నా అనుమానం.

నేను కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సంఘాల రిజిస్టర్లు, సమాధుల మీది రాతలు, మిషను స్కూళ్ళ అడ్మిషను పుస్తకాలు చూసి కుటుంబాలకి వంశవృక్షం కట్టిపెట్టడం ఎప్పట్నుంచో ఉన్న వ్యాపకం. నరసాపురం, పాలకొల్లు, అమలాపురం కుటుంబాల్లో ఈ తికమక తరచూ ఎదురవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు తాతగారి వైపు. ఎక్సెటర్ ఊళ్ళో పళ్ళ డాక్టరుగా ఉండి, ఆ ప్రాక్టీసు వదిలేసి బాగ్దాదుకి సువార్త పనికి వెళ్ళిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన 1830ల్లో మన దేశమంతా తిరిగి చూశాడు. మనవాళ్ళకి బాగా తెలిసిన బ్రిస్టల్ అనాథాశ్రమాల జార్జి ముల్లర్ ఈయన బావగారే. గ్రోవ్స్ చెల్లెల్ని పెళ్ళి చేసుకున్నాడు. గ్రోవ్స్ తిరిగి ఇండియా వస్తూ 1836లో డెవన్ ప్రాంతపు బార్న్‌స్టపుల్ నుంచి ఇద్దరు యువకుల్ని భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళే విలియం బౌడెన్, జార్జి బీర్. ఒకరు రాతిపని చేసేవాడు, ఒకరు చెప్పులు కుట్టేవాడు. పెద్ద చదువులు లేవు, వెనక నెలజీతం ఇచ్చే సొసైటీ లేదు. ముందు మచిలీపట్నం, అక్కణ్ణించి నరసాపురం, పాలకొల్లు చేరారు. గోదావరి డెల్టా మిషను అని తర్వాత పేరుపడింది వీళ్ళు మొదలుపెట్టిన పనికే. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో; అంటే కాటన్ దొర కంటే ముందే వీళ్ళు ఇక్కడ ఉన్నారన్నమాట. నిడదవోలు వైపు చెట్టిపేట, కోనసీమలో అమలాపురం, నరసాపురంలో ఆసుపత్రి, కుష్ఠురోగుల ఆసుపత్రి, ఇవన్నీ ఆ పని నుంచే పెరిగాయి.

వీళ్ళలో మెన్నోనైట్ అనే మాట ఎక్కడా ఉండదు. ఒకరినొకరు సహోదరుడు అనుకునేవారు గనక బ్రదరెన్ అని పిలిచారు, అంతే.

మిగతా డెల్టాని ఎవరు పంచుకున్నారో కూడా తెలిస్తే, మెన్నోనైట్లు ఇటు ఎందుకు రాలేదో అర్థమవుతుంది. రాజమండ్రిలో 1845లో ఉత్తర జర్మనీ మిషనువాళ్ళు పని మొదలుపెట్టి, కొన్నేళ్ళకి అమెరికన్ లూథరన్లకి అప్పగించారు. భీమవరం, తాడేపల్లిగూడెం, సామర్లకోట, పెద్దాపురం వైపు ఇప్పుడున్న లూథరన్ సంఘాలు ఆ పాయే. కాకినాడలో థామస్ గాబ్రియేల్ అనే తెలుగాయన సొంతంగా మొదలుపెట్టిన పనిని 1874లో కెనడా బాప్టిస్టు మిషను అందుకుంది. జాన్ మెక్‌లారిన్ వచ్చింది అప్పుడే. పిఠాపురం, రామచంద్రపురం, తుని, ఇటు ఆకివీడు వాళ్ళవి. ఒక మిషను పనిచేస్తున్న చోట ఇంకో మిషను అడుగు పెట్టకూడదని ఆ రోజుల్లో మిషన్ల మధ్య ఒప్పందాలు ఉండేవి. అన్నిసార్లూ పాటించారని కాదు, గొడవలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. మొత్తం మీద మెన్నోనైట్లు తెలుగు నేలకి వచ్చేనాటికి డెల్టాలో ఖాళీ లేదు. ఖాళీ ఉన్నది నిజాం రాజ్యంలో.

ఇక మెన్నోనైట్లు. వీళ్ళ కథ ఇంగ్లండుతో సంబంధం లేనిది. 1525 జనవరిలో జూరిచ్‌లో కొందరు యువకులు, పసితనంలో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదంటూ పెద్దయ్యాక మళ్ళీ తీసుకున్నారు. కాన్రాడ్ గ్రెబెల్, ఫెలిక్స్ మాంజ్, జార్జ్ బ్లౌరాక్ అందులో ముఖ్యులు. అటు కాథలిక్కులు, ఇటు ప్రొటెస్టెంట్లు ఇద్దరూ వీళ్ళని వెంటాడారు. మాంజ్‌ని 1527లో జూరిచ్‌లోనే నీళ్ళలో ముంచి చంపారు. మెన్నో సైమన్స్ హాలండు వైపు కాథలిక్ గురువు. 1536లో ఆ పదవి వదిలి వీళ్ళతో కలిశాడు, చెల్లాచెదురైనవాళ్ళని కూడగట్టాడు, ఆయన పేరే జనానికి నిలిచింది. కత్తి పట్టకూడదు, ప్రమాణం చెయ్యకూడదు, నమ్మి అడిగినవాళ్ళకే బాప్తిస్మం: ఈ మూడూ వీళ్ళ గుర్తులు.

ఇక్కడ మన గోదావరి వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. హాలండు నుంచి పారిపోయిన మెన్నోనైట్లలో చాలామంది పోలెండు రాజు ఏలుబడిలో ఉన్న విస్తులా నది డెల్టాలో తలదాచుకున్నారు. ఆ నేల అప్పటికి ముంపు, బురద. గట్లు పోసి, మురుగు కాలవలు తవ్వి, గాలిమరలతో నీళ్ళు తోడి దాన్ని పంటభూమి చేసిపెట్టింది వీళ్ళే. యనమదుర్రు డ్రెయిను పొంగితే ఏమవుతుందో తెలిసిన మనకి ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ నేల తర్వాత ప్రష్యా చేతికి పోయింది. యుద్ధానికి వెళ్ళనివాళ్ళకి ప్రష్యా ప్రభుత్వం కొత్త భూములు కొనకుండా అడ్డం పెట్టింది. రష్యా రాణి రెండో కేథరిన్ 1763 నుంచే బయటివాళ్ళని పిలిచి భూములిస్తోంది. 1789లో ఖోర్టిట్సా, 1804లో మొలోచ్నా అనే కాలనీలు వేసుకున్నారు. రెండూ ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్నాయి. మొలోచ్నాలో కొన్ని కుటుంబాలు పాత సంఘంలో భక్తి చల్లారిపోయిందని విడిపోయి 1860 జనవరిలో కొత్త సంఘం పెట్టుకున్నాయి. మెన్నోనైట్ బ్రదరెన్ అంటే ఆ కొత్త సంఘం. 1874లో రష్యా అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేసేసరికి వేలమంది కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా, కెనడాలోని మానిటోబా వెళ్ళిపోయారు. అంచేత మన దగ్గరికి వచ్చిన మెన్నోనైట్లు రెండు రకాలు: రష్యా నుంచి నేరుగా వచ్చినవాళ్ళు, అమెరికా నుంచి వచ్చినవాళ్ళు. మీ నాయనమ్మ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం.

మొదట వచ్చింది రష్యావాళ్ళు. అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియ హాంబర్గులో బాప్టిస్టుల సెమినరీలో చదువుకుని 1889లో బయల్దేరి, తర్వాతి ఏడాది నల్గొండలో స్థిరపడ్డారు. సొంత మిషను పెట్టుకోలేదు. అమెరికన్ బాప్టిస్టు మిషనులో భాగంగా పనిచేశారు. ఇద్దరిదీ ముంచి ఇచ్చే బాప్తిస్మమే గనక పొత్తు కుదిరింది. పైగా ఒంగోలు దగ్గర జాన్ క్లౌ దొరగారు 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన వార్త అప్పటికి లోకమంతా తిరిగింది. తెలుగు దేశమంటే బాప్టిస్టులకి పేరున్న క్షేత్రం. ఫ్రీజెన్ తర్వాత రష్యా నుంచి ఇంకా కొన్ని కుటుంబాలు వచ్చి సూర్యాపేట, జనగాం వైపు పనిచేశాయి. 1914 యుద్ధం, ఆ వెనకే రష్యా విప్లవం రావడంతో అక్కణ్ణించి డబ్బు ఆగిపోయింది. సంఘాలు మాత్రం బాప్టిస్టు సంఘాలుగానే నిలిచాయి. అందుకే నల్గొండ, సూర్యాపేట క్రైస్తవ కుటుంబాల్ని అడిగితే "మేం బాప్టిస్టులం" అంటారు. వాళ్ళ ముత్తాతలకి బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు మెన్నోనైట్లని ఎక్కువమందికి తెలియదు.

అమెరికా పాయ వేరు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ వచ్చారు. 1902లో జె.హెచ్. పాంక్రాట్జ్ వచ్చాక హైదరాబాదు మలక్‌పేటలో మిషను కేంద్రం కట్టారు. 1906లో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలు తెరిచాడు. ఆ తర్వాత దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాద్, మహబూబ్‌నగర్, గద్వాల, జడ్చర్ల. నాగర్‌కర్నూలు, శంషాబాదు ఆసుపత్రుల కథలో చెప్పుకోవాల్సిన మనిషి డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్. 1907లో వచ్చి, 1945లో శంషాబాదులోనే కన్నుమూశారు. పెళ్ళి చేసుకోలేదు. మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్ళని పంపని రోజుల్లో ఆవిడ ఆ పల్లెల్లో ఏం చేసి ఉంటారో ఊహించుకోండి. 1950ల్లో జడ్చర్ల ఆసుపత్రి పెద్దదైంది. 1958 నుంచి నిర్వహణ తెలుగువాళ్ళ కౌన్సిలు చేతికి మారడం మొదలైంది. ఆ మార్పు సాఫీగా సాగలేదు. ఆస్తుల గొడవలు, కోర్టులు, వర్గాలు, మన దగ్గర ఏ మిషను చరిత్ర తీసినా ఆ అధ్యాయం ఉంటుంది. దానిలోకి ఇప్పుడు వెళ్ళను.

ఇప్పుడు దేవరకొండ సంగతి చూడండి. జిల్లా నల్గొండే, కానీ నల్గొండ పట్నం బాప్టిస్టు, దేవరకొండ మెన్నోనైట్ బ్రదరెన్. "నల్గొండ జిల్లా" అని మాత్రమే మీరు రాసి ఉంటే నేను చెప్పగలిగేది ఏమీ ఉండేది కాదు. ఊరి పేరు రాశారు కాబట్టి ఇంత నమ్మకంగా అంటున్నాను. వంశం వెతికేవాళ్ళందరికీ నేను చెప్పేది ఇదే: మిషను పేరు అడక్కండి, ఊరు, ఏడాది అడగండి. పేర్లు నోళ్ళలో మారిపోతాయి. ఫలానా ఊళ్ళో ఫలానా ఏడాది పుట్టారంటే, ఆ ఊళ్ళో అప్పుడు ఏ మిషను ఉందో రికార్డు చెబుతుంది.

మరి దేవరకొండ ఆడపిల్ల పాలకొల్లు ఎలా వచ్చింది? నేను చూసిన కుటుంబాల్లో దారి ఎక్కువగా రెండు. ఒకటి నర్సింగు, టీచరు ట్రైనింగు. మిషను బోర్డింగులో చదివిన పిల్లలకి ఉద్యోగం ఇంకో మిషను ఆసుపత్రిలోనో స్కూల్లోనో దొరికేది, సంబంధాలు కూడా అక్కడే కుదిరేవి. కోనసీమలో ఒక కుటుంబం ఇలాగే "మేం మెన్నోనైట్లం" అంటూ వచ్చింది. ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టెలో అమ్మమ్మగారి నర్సింగు సర్టిఫికెట్టు, జడ్చర్లలో తీసిన గ్రూప్ ఫోటో దొరికాయి. మొగుడి వైపు మూడు తరాలూ అమలాపురం బ్రదరెన్. ఆవిడ చెప్పిన కబుర్లు మనవలకి గుర్తుండిపోయి, ఇంటి మొత్తానికి ఆ పేరు అంటుకుంది. రెండోది వలస. రాష్ట్రాలు కలిశాక మన జిల్లాల నుంచి టీచర్లుగా, గుమాస్తాలుగా తెలంగాణ వెళ్ళి, కొన్నాళ్ళకి అక్కడి కోడల్ని తీసుకుని తిరిగొచ్చినవాళ్ళు చాలామంది.

తాడేపల్లిగూడెం వైపు ఇంకో కేసు దీనికి తలకిందులు. వాళ్ళ తాత సూర్యాపేట నుంచి వచ్చాడు. బాప్తిస్మపు చీటీ మీద బాప్టిస్టు మిషను అని ఉంది, కింద సంతకం మాత్రం జర్మను పేరు. ఇంట్లోవాళ్ళు అమెరికన్ బాప్టిస్టు దొర అనుకున్నారు. అది రష్యా మెన్నోనైట్ మిషనరీ సంతకం. ఫ్రీజెన్, పెన్నర్, ఉన్రూ, హ్యూబర్ట్, వీన్స్, హీబర్ట్, జాన్‌జెన్ లాంటి ఇంటిపేర్లు కనిపిస్తే చెవులు నిక్కించండి. తెలుగు విశ్వాసులు ఈ ఇంటిపేర్లు పెట్టుకోలేదు, మన ఇంటిపేర్లు మనకే ఉన్నాయి; కాబట్టి మీ ఇంటిపేరు చూసి మిషను పోల్చుకోవడం కుదరదు.

కాగితాలు లేకపోతే అలవాట్లు అడగండి. తాతగారి సంఘంలో పాస్టరుగారు అని ఒకరు ఉండేవారా, లేక పెద్దలే నడిపేవారా? ప్రతి ఆదివారం రొట్టె విరిచేవారా (అంటే ప్రభువు బల్ల), నెలకోసారా? పాస్టరు లేకుండా, వారం వారం రొట్టె విరుస్తూ, ఆరాధనలో సహోదరులు ఒకరి తర్వాత ఒకరు లేచి ప్రార్థన చేస్తుంటే అది బౌడెన్, బీర్‌ల బ్రదరెన్ పద్ధతి. పసిపిల్లలకి నీళ్ళు చిలకరించి, పెద్దయ్యాక కన్ఫర్మేషన్ పెడితే లూథరన్. పాస్టరు, ముంచే బాప్తిస్మం రెండూ ఉంటే బాప్టిస్టు కావచ్చు, మెన్నోనైట్ బ్రదరెన్ కావచ్చు. అలవాట్లని బట్టి ఆ రెంటినీ విడదీయడం కష్టం, అక్కడ మళ్ళీ ఊరే దిక్కు. ఇంకో మెలిక: సువార్తికుడు బక్త్ సింగ్ గారి సహవాసాలు, అంటే మనవాళ్ళు హెబ్రోను అనేవి, పైకి బ్రదరెన్ లాగే కనిపిస్తాయి గానీ అవి 1940ల్లో మొదలైన సంగతి. తాతగారు అంతకుముందే బాప్తిస్మం తీసుకుని ఉంటే దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి.

యుద్ధం వద్దనే సిద్ధాంతాన్ని బట్టి మెన్నోనైట్లని గుర్తుపట్టొచ్చు కదా అని ఇంకొకాయన కింద రాశారు. మన దగ్గర అది పనిచెయ్యదండి. పాలమూరు సంఘాల్లోంచి పోలీసులో, మిలిటరీలో చేరినవాళ్ళు నాకు బాగానే తెలుసు. మిషనరీలు బాప్తిస్మం, బడి, ఆసుపత్రి నేర్పినంత గట్టిగా ఆ సిద్ధాంతాన్ని ఇక్కడ నేర్పలేదని నా అభిప్రాయం. నిజాం ఏలుబడిలో, కూలి జనం మధ్య, సైనిక సేవ అనే సమస్యే వాళ్ళకి ఎదురుకాలేదు మరి.

రికార్డుల విషయం. తాతగారి వైపు బ్రదరెన్ మిషనరీల ఉత్తరాలు, పత్రికలు మాంచెస్టర్ యూనివర్సిటీ జాన్ రైలాండ్స్ లైబ్రరీలోని క్రిస్టియన్ బ్రదరెన్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. నాయనమ్మ వైపు మెన్నోనైట్ బ్రదరెన్ మిషను కాగితాలకి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో ఉన్న మెన్నోనైట్ బ్రదరెన్ అధ్యయన కేంద్రం ముఖ్యం. కాన్సాస్‌లోని హిల్స్‌బరోలో, కెనడాలోని విన్నిపెగ్‌లో కూడా ఇలాంటి కేంద్రాలున్నాయి. ఒకవేళ బాప్టిస్టు అని తేలితే అట్లాంటాలోని అమెరికన్ బాప్టిస్టు హిస్టారికల్ సొసైటీ. ఈమెయిల్ రాస్తే సాధారణంగా జవాబిస్తారు. కానీ ఆశ అదుపులో పెట్టుకోండి. విదేశీ ఆర్కైవ్‌లలో ఉండేది మిషనరీల కథ. మన పల్లె కుటుంబాలు అందులో "ఫలానా ఊళ్ళో పదిమంది" అన్న లెక్కగానే ఎక్కువగా కనిపిస్తాయి. పేరుతో కనిపించేది బోధకులు, బైబిలు స్త్రీలు (ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళకి బైబిలు చెప్పేవాళ్ళు), కాంపౌండరు, స్కూలు మాస్టరు లాంటివాళ్ళు. ఫోటోలు మాత్రం తప్పకుండా అడగండి. ఫోటో వెనక మిషనరీలు చేత్తో పేర్లు రాసేవారు.

అసలు పేర్లు దొరికేది స్థానికంగానే: సంఘం బాప్తిస్మపు రిజిస్టరు, పెళ్ళిళ్ళ రిజిస్టరు, స్కూలు అడ్మిషను పుస్తకం. బ్రదరెన్ సంఘాలకి పైన డయాసిస్, సినడ్ అనే ఆఫీసులు ఉండవు గనక ఏ ఊరి పుస్తకం ఆ ఊరి పెద్దల ఇంట్లోనే ఉంటుంది. తుఫానుకి తడిసిపోయినవి, చెదలు పట్టినవి పోగా మిగిలినవే. దొరికితే అక్కడికక్కడే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఇంటికి పట్టుకెళ్తామని అడక్కండి.

క్రైస్తవుల పెళ్ళిళ్ళ రికార్డు కాపీలు ప్రభుత్వానికి కూడా చేరతాయి, అదో దారి. స్కూలు టీసీ, కుల ధ్రువపత్రం మీద మతం కాలమ్ చూసి మాత్రం ఏదీ తేల్చకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కింద వస్తాడు. అందుకని మూడు తరాలుగా చర్చికి వెళ్తున్న ఇళ్ళలో కూడా కాగితం మీద హిందూ అని ఉండటం మామూలే. ఇది తప్పొప్పుల సంగతి కాదు. వంశవృక్షం వేసి బహిరంగంగా పెట్టేముందు మాత్రం ఇంట్లో ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని ఒకసారి అడగండి. దీనివల్ల అన్నదమ్ముల మధ్య మాటలు పోయిన ఇల్లు నాకు తెలుసు.

మీరు ముందుగా చెయ్యాల్సింది: నాయనమ్మగారి తరంలో ఎవరైనా ఉంటే, ఆవిడ ఏ బోర్డింగులో చదివారు, అక్కడి దొరసానిగారి పేరేమిటి, పెళ్ళి ఏ చర్చిలో జరిగింది, ఈ మూడూ అడిగి ఇక్కడ కింద రాయండి. దొరసాని పేరు వంకరటింకరగా గుర్తున్నా ఫరవాలేదు, వాళ్ళు పలికినట్టే రాయండి. దేవరకొండలో ఎవరెవరు ఏ ఏళ్ళలో ఉన్నారో జాబితా నా దగ్గర కొంతవరకు ఉంది, సరిచూసి చెబుతాను. తాతగారి సంగతికి పాలకొల్లు దాకా వెళ్ళక్కర్లేదు, మీ పల్లె సంఘం పెద్దల దగ్గర రిజిస్టరు ఏ ఏడాది నుంచి ఉందో కనుక్కుంటే చాలు.